తడి చేత్తో తెరుచుకునే మల్టీటూల్ కోసం

కొన్నేళ్లుగా ఒక స్కౌట్ దళంతో క్యాంపులకు వెళుతున్నాను. పిల్లలకు ముడులు నేర్పడం, గుడారాలు వేయించడం, రాత్రిపూట ఒక కన్ను తెరిచి పడుకోవడం నా వంతు. ఇన్నాళ్లూ నా బెల్టుకు వేలాడింది ఊరూ పేరూ లేని ఒక చవక మల్టీటూల్, అంటే ప్లయర్స్, కత్తి లాంటి పనిముట్లు రెండు పిడుల్లో మడుచుకుని ఉండేది. అట్టపెట్టె మీద ఇరవైకి పైగా ఉపయోగాలు బొమ్మలతో సహా ముద్రించి ఉంటే, అది చూసే కొన్నాను.

ఒక క్యాంపులో అర్ధరాత్రి గాలివాన పట్టుకుంది. పెద్ద గుడారం ఒరిగిపోయి, దాని తాడు పక్క గుడారం కర్రకు చుట్టుకుని బిగిసింది. ఎడమ చేత్తో తాడు పట్టుకుని నిలబడ్డాను. వదిలితే కర్ర లోపలి పిల్లల మీద పడుతుంది. కుడి చేత్తో మల్టీటూల్ తీశాను. కత్తి పిడుల లోపల ఉంది. ముందు పిడులు రెండూ విప్పాలి, తర్వాత కత్తి గాడిలో గోరు పెట్టి లాగాలి. ఒక్క చేత్తో ఆ పని సాగలేదు. తాడును మోచేతికి చుట్టి, రెండో చేతి వేళ్లను కాస్త ఖాళీ చేసుకుని ఎలాగో విప్పాను. తడి గోరు రెండుసార్లు జారింది. చివరికి కత్తి బయటికి తీసి తాడు మీద నొక్కగానే, తెరిచిన కత్తిని మడుచుకోకుండా ఆపే లాక్ పట్టు వదిలింది, కత్తి వెనక్కి మడుచుకుని నా చూపుడు వేలిని కోసింది. ఇంకొకరు పరుగున వచ్చి తాడు కోశారు. గాయం చిన్నదే. కానీ ఆ కత్తినే నేను అంతకుముందు రోజు ఒక పిల్లవాడి చేతికి ఇచ్చానన్న సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు.

కొత్తది కొనాలనుకున్నాక వెంటనే దుకాణానికి వెళ్లలేదు. తర్వాతి రెండు క్యాంపుల్లో జేబులో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకుని, పనిముట్టు అవసరమైన ప్రతిసారీ రాసుకున్నాను: ఏ పని, దేనితో చేశాను, ఎన్ని చేతులు ఖాళీగా ఉన్నాయి, ఆ పని కాసేపు ఆగగలదా లేదా. ఈ చివరి ప్రశ్న మొదట్లో లేదు. వేలి కట్టు చూసుకుంటూ రెండో రోజు చేర్చాను. నా నిర్ణయమంతా ఆ ఒక్క గడి మీదే నడిచింది.

కత్తెర ప్రతి పేజీలోనూ ఉంది. గాయం కట్టుకు టేపు, పొట్లాల మూతులు, తాడు చివర్ల పీచు, విరిగిన గోళ్లు. కత్తి కంటే కత్తెరే ఎక్కువసార్లు కావలసి వస్తుందని నేను ఊహించలేదు. తర్వాతి స్థానం ప్లయర్స్‌ది. నేలలో కూరుకుపోయిన గుడారం మేకును పీకడానికి, వేడి గిన్నె అంచు పట్టుకుని దించడానికి, అన్నిటికన్నా ముఖ్యంగా జిప్పులకు. గుడారం జిప్పు మూసినా పళ్లు విడిపోతుంటే చాలామంది జిప్పే పాడైందనుకుంటారు. చాలాసార్లు అరిగి వదులయ్యేది పళ్లను కలుపుతూ జరిగే బిళ్ల, అంటే దాని స్లైడరే. ప్లయర్స్‌తో స్లైడర్‌ను ఒక పక్కన, తర్వాత రెండో పక్కన కొద్దికొద్దిగా నొక్కితే పళ్లు మళ్లీ కలుస్తాయి. గట్టిగా నొక్కితే మాత్రం స్లైడర్ కదలకుండా బిగుసుకుపోతుంది. పుల్లలు చెక్కడానికి, తాళ్లు కోయడానికి కత్తి. స్టవ్ పిడికి, తల దీపం బ్యాటరీ మూతకు స్క్రూడ్రైవర్. రంపం అరుదుగానే వాడాను, కానీ బొటనవేలంత లావు కొమ్మ కోయాల్సి వస్తే దాని పని ఇంకేదీ చేయలేదు. ఆకురాయి ఒక్కసారి కూడా రాలేదు.

ఆగలేని పనుల గడి చూస్తే అక్కడ కత్తెర లేదు. బిగిసిన తాడు, చిక్కుకున్న పట్టీ, దొర్లబోతున్న వేడి గిన్నె ఉన్నాయి. వాటిలో దాదాపు ప్రతిసారీ ఒక చెయ్యి అప్పటికే దేన్నో పట్టుకుని ఉంది. తరచుగా కావలసింది వేరు, తక్షణం కావలసింది వేరు అని అప్పుడు అర్థమైంది. మొదటిది లోపల మడుచుకుని ఉన్నా పరవాలేదు. రెండోది బయటే ఉండాలి, ఒక్క చేత్తో రావాలి.

తోటి స్కౌటర్ల దగ్గర ఉన్నవి అడిగి తీసుకుని, ఒక బకెట్టు నీళ్లు పెట్టుకుని కూర్చున్నాను. చెయ్యి ముంచడం, కళ్లు మూసుకోవడం, ఒక్క చేత్తో కత్తి తీయడం. విక్టోరినాక్స్ సంస్థ చేసే హంట్స్‌మన్ 91 మిల్లీమీటర్ల ముచ్చటైన మడత కత్తి. కత్తెర, రంపం ఉన్నాయి, ప్లయర్స్ లేవు, కత్తికి లాక్ లేదు. తడి గోటితో అదీ జారింది. లెదర్‌మన్ సంస్థ స్కెలిటూల్ 142 గ్రాములే, బెల్టు మీద ఉన్నట్టే తెలియదు, కత్తి చక్కగా ఒక్క చేత్తో వస్తుంది. కానీ కత్తెరా రంపమూ లేవు. అదే సంస్థ రెబార్ గట్టిది, అయితే కత్తి పిడుల లోపలే, అంటే నా పాత కథే. విక్టోరినాక్స్ స్విస్‌టూల్ స్పిరిట్ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. 200 గ్రాములకు కాస్త పైన ఉంటుంది. కత్తెరతో సహా పనిముట్లన్నీ బయటినుంచే వస్తాయి, ప్రతిదానికీ లాక్ ఉంది, ప్లయర్స్ గట్టిగా నొక్కినా పిడి అంచులు అరచేతిని కోయవు. పొడి చేతులతో ఎంచుకుని ఉంటే అదే కొనేవాణ్ణి. నేను పట్టుకున్నదాని కత్తి గోటి గాడితో తెరుచుకునేది. తడిచేతి పరీక్షలో నాకు రెండో చెయ్యి కావలసి వచ్చింది.

మిగిలింది లెదర్‌మన్ వేవ్ ప్లస్. 241 గ్రాములు, బరువే. కత్తి బయట ఉంటుంది, దానికి ఉన్న రంధ్రంలో బొటనవేలు ఆనించి తోస్తే తెరుచుకుంటుంది. తడి చేత్తో పదిసార్లు ప్రయత్నిస్తే పదిసార్లూ వచ్చింది. కత్తెర మాత్రం పిడుల లోపల ఉంది. నోటుపుస్తకం లేకపోతే ఆ ఒక్క కారణంతో దాన్ని పక్కన పెట్టేవాణ్ణే. తీగ కోసే అంచులు అరిగిపోతే మార్చుకోవచ్చు, అది నాకు నచ్చింది.

లాక్‌ను వదలకుండా పరీక్షించాను. ఈ రకంలో కత్తి తెరుచుకోగానే పిడి లోపలి సన్నని లోహపు పట్టీ పక్కకు జరిగి కత్తి మొదలు వెనక నిలుస్తుంది. మూయాలంటే ఆ పట్టీని వేలితో తొయ్యాలి. పట్టీ కత్తి మొదలుకు నిండుగా ఆనుతోందా, అంచున మాత్రమే తగులుతోందా అని కంటితోనే చూడవచ్చు. నా పాతదాన్ని తీసి చూస్తే అంచున వెంట్రుకవాసి తగులుతోంది. తర్వాత వేళ్లను కత్తి దారిలోంచి పూర్తిగా తీసేసి, కత్తి వీపును బల్ల అంచుకు మెల్లగా నొక్కాను. కొత్తది కదల్లేదు. ఎవరు కొన్నా ఈ రెండూ చూడకుండా డబ్బు ఇవ్వవద్దని నా మనవి.

ఈ వెతుకులాటలోనే, ఆ సంస్థకు తన పేరు పెట్టిన టిమ్ లెదర్‌మన్ కథ చదివాను. 1975లో ఆయన, భార్య ఒక పాత ఫియట్ కారులో ఐరోపా తిరుగుతుంటే కారు మాటిమాటికీ మొరాయించేది. జేబులో ఉన్నది స్కౌట్ కత్తి. దానితో రొట్టె కోయడం నుంచి కారు మరమ్మతు దాకా చేస్తూ, దీనికి ప్లయర్స్ కూడా ఉంటే ఎంత బాగుండు అనుకున్నాడట. మొదటి పనిముట్టు అమ్మకానికి వచ్చింది 1983లో. తనకు ఏది లేక పని ఆగిపోయిందో అక్కడినుంచి మొదలుపెట్టిన మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

పిల్లలకు నాలాంటిది కొనిపించలేదు. వాళ్ల చేతులకు 241 గ్రాములు ఎక్కువ, పైగా లాక్ మూసేటప్పుడు వేలు కత్తి దారిలోకి వస్తుంది. హంట్స్‌మన్ లాంటి చిన్న కత్తి చాలు. దళం నియమాలు, చట్టం ముందే కనుక్కోవాలి. లాక్ ఉన్న కత్తుల విషయంలో కొన్ని దేశాలు కఠినంగా ఉంటాయి. బ్రిటన్‌లో కారణం చూపకుండా వెంట ఉంచుకోగలిగేది లాక్ లేని, 3 అంగుళాలు మించని మడత కత్తి మాత్రమే. విమానంలో వెళ్లేటప్పుడు కత్తిని చేతిసంచిలో కాక లగేజీలో పెట్టాలి. మా దళంలో పిల్లలు కత్తి తెరిచే ముందు కూర్చుని, చెయ్యి చాపి చుట్టూ గాలిలో ఒక వృత్తం గీస్తారు. అందులో ఇంకొకరు ఉంటే కత్తి తెరవకూడదు. కత్తి మూసిన తర్వాతే ఒకరికొకరు అందించుకుంటారు.

క్యాంపు నుంచి రాగానే గోరువెచ్చని నీటిలో కడిగి, కీళ్లలో ఇసుక పోయేదాకా తెరిచి మూసి, పూర్తిగా ఆరనిచ్చి ఒక్కో చుక్క నూనె వేస్తాను. తుప్పు పట్టని ఉక్కు అన్నా ఉప్పునీరు తగిలి అలాగే వదిలేస్తే మచ్చలు పడతాయి.

మొన్నటి క్యాంపులో మళ్లీ వాన కురిసింది. తాడేమీ బిగుసుకోలేదు. ఒక పాప గుడారం జిప్పు మాత్రం మూసుకోలేదు. స్లైడర్ రెండు వైపులా నొక్కి ఇస్తే, తనే మూడుసార్లు తెరిచి మూసి చూసుకుని పడుకుంది.