ఏడున్నర తుఫాను

సాయంత్రం ఏడున్నరకి మా కుక్కపిల్ల గోల మళ్ళీ మొదలైంది. సోఫా మీంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి మంచం కిందికి రయ్యిమని నాలుగు చుట్లు. చివరికి పైజామా అంచు పళ్ళ మధ్య. చెవులు వెనక్కి, కళ్ళు ఎర్రగా.

ఆ కళ్ళే గుర్తు. అది పొగరు కాదు, నిద్ర చాలకపోవడం. 3 నెలల కుక్కపిల్లకి రోజుకి దాదాపు 18 గంటల నిద్ర కావాలి. పిల్లలు స్కూల్ నుంచి వచ్చాక ఎవరూ పడుకోనివ్వరు పాపం.

అరిచినా, వెంటపడినా, బట్ట లాక్కున్నా దానికి ఆటే. కదలకుండా నిలబడాలి. వదిలిన క్షణమే తాడు బొమ్మ అందించాలి. మళ్ళీ కరిస్తే తలుపు అవతలికి వెళ్ళి 20 సెకన్లు, అంతే. 5 నిమిషాలు వదిలేస్తే, ఎందుకు వదిలేశామో మర్చిపోయి ఏడుపు లంకించుకుంటుంది.

అసలు విరుగుడు ఐదున్నరకే మొదలవ్వాలి. చీకటి గదిలో గంట నిద్ర. లేవగానే బయటికి. తర్వాత రాత్రి పెట్టే పొడి తిండిలోంచే 15 గింజలు తీసి, ఒక్కోటి ఇస్తూ 'కూర్చో', 'వదులు' అని నేర్పాలి, 3 నిమిషాలు చాలు. మిగతా తిండి పాత తువ్వాలులో చుట్టి ఇస్తే ముక్కుతో విప్పుకుంటూ చల్లబడుతుంది. మొదట్లో వదులుగా చుట్టండి. బిగిస్తే విసుగొచ్చి గుడ్డనే చింపుతుంది, పీలికలు మింగేస్తుంది కూడా. పక్కనే ఉండాలి.

ఇవాళ తువ్వాలు మీదే నిద్రపోయింది. ముక్కుకి ఇంకా ఒక గింజ అంటుకునే ఉంది.