ఎర్రగుడి బండల దగ్గర

గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఎర్రగుడిలో అశోకుడి శాసనాలు చూసి వచ్చాను. చిన్న శిలాశాసనంలో కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, చూపు తడబడుతుంది. అందులో అశోకుడి మాట ఒకటి నన్ను వదలడం లేదు. తాను ఉపాసకుడై, అంటే సంసారంలో ఉంటూనే బుద్ధుడి మార్గం పట్టి, రెండున్నరేళ్లు దాటినా మొదటి ఏడాది గట్టిగా ప్రయత్నించలేదట, సంఘానికి, అంటే బౌద్ధ భిక్షువుల సమూహానికి, దగ్గరయ్యాకే పట్టుదల వచ్చిందట. అంతటి చక్రవర్తికీ తోడు కావలసి వచ్చింది!

భిక్షువుకూ అంతే. భిక్షువుల నడవడికి పెట్టిన ‘వినయ’ నియమాల ప్రకారం అన్నం మర్నాటికి దాచుకోకూడదు, మధ్యాహ్నం దాటితే తినకూడదు. అందుకే రోజూ గృహస్థుల గడప ముందు నిలబడాలి. ఇల్లాలు అన్నం వేస్తుంది, ఆయన ధర్మం చెబుతాడు. ఈ ఇచ్చిపుచ్చుకోవడం లేని విహారం, భిక్షువులుండే ఆ నివాసం, ఉత్త గోడలేనని నా నమ్మకం.

కర్నూలు మిత్రులారా, సెలవుల్లో పిల్లలను అక్కడికి తీసుకెళ్లండి.