సొరచేప ఎడమ చెంప: మూడో డెకాల్ కూడా పోయింది

నా ప్లాస్టిక్ విమానం మోడల్ ముక్కుకు రెండు పక్కలా సొరచేప నోటి డెకాల్ (నీటిలో నానబెట్టి అతికించే ముద్రిత బొమ్మ) అతికించాలి. నిన్న రాత్రి మూడో ఎడమ నోటిని కూడా టేపుతో పీకేశాను. టేపుకు అంటుకుని వచ్చినవి తెల్లటి పళ్ల ముక్కలు, ఎర్రటి పెచ్చులు. కోపం ఇంకా చల్లారలేదు. అయితే తప్పు ఎక్కడుందో ఈసారి కొలిచి పట్టుకున్నాను, మరిచిపోకముందే రాసి పెడుతున్నాను.

మోడల్ టమియా కంపెనీ 1/48 ఎఫ్-14ఏ, అంటే అసలు యుద్ధ విమానంలో 48వ వంతు. గుర్తులు అమెరికా నౌకాదళ స్క్వాడ్రన్ వీఎఫ్-111 సన్‌డౌనర్స్‌వి, విడిగా కొన్న షీటులోవి. రెండు తోకల మీది ఎర్ర, తెలుపు కిరణాలు ఒకే సాయంత్రం పని, ముచ్చటగా కూర్చున్నాయి. కుడివైపు నోరూ అంతే.

చిక్కంతా ఎడమవైపే. ఈ విమానానికి ఎం61 ఫిరంగి ముక్కు వెనక ఎడమ పక్కన మాత్రమే ఉంటుంది. దాని మూతి దగ్గరున్న గాడి కోసం డెకాల్ పై పెదవిలో ఒక కోత ఇచ్చారు. మొదటిసారి ఆ కోతను గాడికి సరిగ్గా కలిపాను. తీరా చూస్తే ముక్కు కింద రెండు వైపుల పళ్లూ కలవలేదు, మధ్యలో 1.4 మిల్లీమీటర్ల సందు. రెండోసారి కింద పళ్లు కలిపి మొదలుపెట్టాను. అప్పుడు కోత వెనక్కి జరిగి, పెదవి గాడికి అడ్డంగా డప్పు తోలులా బిగుసుకుంది. కొత్త బ్లేడుతో చీల్చి డెకాల్‌ను మెత్తబరిచే ద్రావణం మార్క్ సాఫ్టర్ మూడు పూతలు వేశాను, పూతకూ పూతకూ మధ్య పది నిమిషాలు ఆగాను. అంచులు లోపలికి వంగకుండా పైకి లేచి గట్టిపడ్డాయి. మూడోసారి డెకాల్‌ను కోత దగ్గరే రెండు ముక్కలు చేసి, ఇంకా ఘాటైన ద్రావణం వాడాను. ఫిల్మ్ (సిరాను మోసే పారదర్శక పొర) మెత్తబడింది కానీ తెల్ల సిరా మెత్తబడలేదు. గాడి అంచున మూడు పళ్లు వెంట్రుకవాసి బీటలతో పగిలాయి.

ముందు డెకాల్ కింద వేసిన నా క్లియర్ కోటునే (రంగు లేని వార్నిష్ పూత) అనుమానించాను. అది జీఎక్స్100, 48 గంటలు ఆరింది. మిగతా చోట్ల డెకాల్ కింద ఎక్కడా వెండిలా మెరిసే గాలి పొర లేదు, కాబట్టి ఉపరితలం తప్పు కాదు. తరువాత నీళ్లు. అదే షీటులోని పనికిరాని అంకెలను చల్లటి నీటిలో వేస్తే కదలడానికి రెండున్నర నిమిషాలు, 45 డిగ్రీల నీటిలో 70 సెకన్లు పట్టింది. పాత ముక్కు భాగం మీద అతికించి చూస్తే రెండూ ఒకేలా బిగుసుకున్నాయి.

స్క్రూ గేజ్ తీశాక కథ మారింది. ఉత్త కాగితం మందం తీసేస్తే, పళ్ల దగ్గర ఫిల్మ్, సిరా కలిపి 0.05 మిల్లీమీటర్లు. నా దగ్గరున్న, ఇటలీ డెకాల్ ముద్రణ సంస్థ కార్టోగ్రాఫ్ ముద్రించిన షీటులో తెలుపు మీద ఎరుపు ఉన్నచోట కూడా 0.02 దాటలేదు. డెకాల్ ముద్రణలో కార్టోగ్రాఫ్‌కు సాటి లేదని నేను ఊరికే అనడం లేదు.

అంతకన్నా పెద్ద సంగతి పొడవు. రేడోమ్ (రాడార్‌ను కప్పే ముక్కు కొన) అతుకు నుంచి గాడి ముందు అంచు వరకు సన్న టేపు పరచి కొలిస్తే మోడల్ మీద 9.6 మిల్లీమీటర్లు, డెకాల్ మీద అదే దూరం 11. నేను చూసిన సందు సరిగ్గా ఈ తేడాయే. పక్క నుంచి గీసిన బొమ్మను చూసి కళాకారుడు పొరబడ్డాడేమో అనుకున్నాను. అలాగైతే వంపు లెక్కలోకి రాక డెకాల్ పొట్టిదవ్వాలి, ఇక్కడ పొడుగైంది. వేరే కంపెనీ మోడల్ ముక్కు మీద కొలతలు తీసి ఉంటారని నా ఊహ. అలాగైతే ఆ మాట సూచనల కాగితంలో ఒక్క ముక్క రాసి ఉండాల్సింది!

షీటులో రెండు విమానాల గుర్తులున్నాయి, మూడో నోటి కోసం ఇంకో షీటు కొన్నాను. ఇప్పుడు నా దగ్గర మూడు కుడి నోళ్లు మిగిలాయి, వాటికి కోత లేదు. ఒకదాన్ని స్కాన్ చేసి అద్దంలో బింబంలా తిప్పి మాస్కు (రంగు పడకూడని చోటును కప్పే అచ్చు) కోస్తాను. ముందు తెలుపు కొట్టి, పళ్లు కప్పి, తరువాత ఎరుపు. గాడిని మోడల్ మీదే చూసుకుని వదిలేస్తాను. పెదవి చుట్టూ ఉన్న 0.4 మిల్లీమీటర్ల నల్ల గీతను మాత్రం మిగిలిన నోళ్ల నుంచి పట్టీలుగా కోసి అతికిస్తాను. అంత సన్నని గీతకు మాస్కు కోయడం నా చేతికి ఇంకా రాలేదు. రంగు కొట్టిన ఎడమ చెంప ఎరుపు, డెకాల్ ఉన్న కుడి చెంప ఎరుపుతో కలవాలి కదా, అందుకే ముందు ఒక ప్లాస్టిక్ చెంచా మీద నాలుగు మిశ్రమాలు వేసి పోల్చి చూస్తాను.

దీని తరువాత అదే స్క్వాడ్రన్ ఎఫ్-4బీ, 1972లో కోరల్ సీ నౌక మీద ఉన్నప్పటిది. దానికీ సొరచేప నోరే. విమానంలో ఫిరంగే లేదు కాబట్టి గాడి బాధ ఉండదు. కాకపోతే ముక్కు కింద ఒక బుడిపె ఉంది, నోరు దాని పక్కగానే సాగుతుంది. ఈసారి డెకాల్ నీటిలో వేయకముందే అక్కడ టేపు పరచి కొలుస్తాను.