ఈవేళ కూడా ఎక్కలేదు

అమావాస్య, మంగళవారం.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. పోలేదు. పొద్దున్న నాలుగున్నరకి సరుగుడు తోపు దాటి ఇసకలో కాలు పెట్టేసరికి పళ్లు టకటకలాడాయి. స్వెటర్ బరంపురంలో మా ఇంట్లో ఉంది. బస్సెక్కితే ఎంతోసేపు పట్టదు, కానీ సీజన్ అయ్యేదాకా మాకు ఆదివారాలు కూడా లేవు.

ఒడిశా తీరంలో పోడంపేట నుంచి ఋషికుల్య మొగ, అంటే నది సముద్రంలో కలిసే చోటు వైపు, తాబేళ్ల లెక్క కోసం రోజూ ఇదే నడక. నాతో వచ్చేది కేరళ అమ్మాయి. తనకి ఒడియా రాదు, తెలుగు రాదు. నాకు రెండూ వచ్చు కాబట్టి నోరు నాది, టేపు తనది. జువాలజీ ఎమ్మెస్సీ చదివి ఇక్కడికొచ్చి నేను ఎక్కువగా చేస్తున్నది దుబాసీ పనే.

ఇంటర్వ్యూలో ఎందుకు వస్తానంటున్నావని అడిగితే, లక్షల తాబేళ్లు ఒక్కసారి ఒడ్డెక్కడం చూడాలని చెప్పాను. దాన్నే అనే అరిబాడా అన్న మాట కూడా వాడాను, తెలిసినట్టు. వచ్చి ఆరు వారాలైంది. అలివ్ రిడ్లీ తాబేళ్లు చూశాను, చాలానే చూశాను. ఎక్కువ భాగం చచ్చినవి.

ఈవేళ మొదటిది కూలిపోయిన ఇళ్ల దగ్గరే దొరికింది. సముద్రం కోసుకుంటూ వచ్చేసి పాత పోడంపేటని మింగేసింది, జనం వెనక్కి వెళ్లి ఇళ్లు కట్టుకున్నారు. పాత గోడలు కొన్ని ఇంకా నిలబడే ఉన్నాయి. ఒక గోడకి నీలం రంగు, దేవుడి గూడు అలాగే ఉన్నాయి. ఆ గోడ మొదట్లో బోర్లా పడి ఉంది తాబేలు. టేపు పెంకు వంపు మీదుగా పెడితే 66 సెంటీమీటర్లు. తోక పొట్టిది, అంటే ఆడది. మగదానికి తోక పెంకు దాటి బయటికొస్తుంది. పక్క పలకలు లెక్కపెడితే ఎడమన ఆరు, కుడిన ఏడు. ఈ జాతికి అంతే, రెండు వైపులా సమానంగా ఉండాలన్న పట్టింపు లేదు. కళ్లు పీతలు తినేశాయి. ఒంటి మీద గాయం లేదు. పెద్ద పడవలు ఈడ్చుకుపోయే ట్రాల్ వలలో చిక్కితే గాయం ఉండదు. గాలి పీల్చుకోడానికి పైకి రాలేక వలలోనే ఊపిరి ఆడక పోతుంది. సముద్రంలో పెరిగిన ప్రాణి నీళ్లలో మునిగి చావడమేమిటో మొదటి వారం నాకు ఎంతకీ మింగుడు పడలేదు. ఇప్పుడు రాసేసుకుని, రేపు మళ్లీ లెక్కలోకి రాకుండా పెంకు మీద ఎర్ర పెయింటు గీత గీసి ముందుకి పోతున్నాను. అలా పోగలుగుతున్నందుకు కొంచెం సిగ్గేసింది కూడా.

మొగ దాకా వెళ్లేసరికి ఎనిమిది.

బతికినదాని ఆనవాలు ఒక్కటే. బాలబంది తీగల దాకా ఎక్కి వచ్చిన జాడ. ఎడం రెక్క, కుడి రెక్క ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ నడుస్తుంది కాబట్టి జాడ జడ అల్లినట్టు ఉంటుంది. పైన చిన్న గొయ్యి. గుడ్లు పెట్టి ఉంటే ఇసక కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో దిమ్మిస కొట్టినట్టు కొడుతుంది. ఆ చోటు చదునుగా గట్టిగా ఉంటుంది. ఇక్కడ ఇసక పొడిపొడిగా, ఒక పక్కకి ఎగజిమ్మి ఉంది. తవ్వడం మొదలెట్టి, మనసు మార్చుకుని వెళ్లిపోయింది. కుక్కలు వచ్చాయో, ఎవరైనా టార్చి వేశారో. కాగితంలో దీనికి గడి ఉంది: గూడు కాదు. ఎందుకు కాదో రాయడానికి లేదు.

వలలు బాగుచేసుకునే చోట తాత కూర్చుని ఉన్నాడు.

"ఏటమ్మీ, నేడు కూడా పీనుగుల లెక్కేనా?"

"ఎనిమిది తాతా. ఎప్పుడెక్కుతాయంటావు?"

చూపుడు వేలు నోట్లో పెట్టి తడిచేసి గాల్లోకి ఎత్తాడు. "గాలి తిరగాల. దచ్చినం గాలి గట్టిగా ఓ రెండ్రోజులు కొట్టనీ, అప్పుడు సూడు. దారియ్యవు నీకు."

మా సార్ ఇచ్చిన పేపర్లలో ఉన్నదీ అదే, దక్షిణపు గాలి బలంగా వీచినప్పుడు ఇక్కడ మూకుమ్మడిగా ఎక్కుతాయని. అక్కడ గ్రాఫులున్నాయి, ఇక్కడ వేలు. తాబేళ్లు ఎక్కే ఈ రేవును 1994లో బివాష్ పాండవ్ అనే శాస్త్రవేత్త కనిపెట్టారని చదివానని తాతకి చెప్పాను. నవ్వు ఆపుకోలేకపోయాడు.

"కనిపెట్టడమేటే? మా అయ్య కాలం నుంచీ ఎక్కుతున్నాయి. మమ్మల్నెవుడూ అడగనేదంతే."

తర్వాత నవ్వు ఆగింది. నవంబరు 1 నుంచి మే 31 దాకా మొగ దగ్గర 20 కిలోమీటర్ల లోపల మోటారు పడవలకి, ట్రాలర్లకి నిషేధం. తాత కొడుకులిద్దరిదీ మోటారు పడవే. "తాంబేలు దేముడే, కాదన్ను. దేముడికి ఏడు నెల్లు, మాకేటి?" నా ఫారంలో ఆ సమయానికి ఉన్న ప్రశ్న: గత వారంలో మీ వలలో ఎన్ని తాబేళ్లు పడ్డాయి? అడగలేదు. ఖాళీ వదిలేశాను. సార్ రేపు అడుగుతారు.

మధ్యాహ్నం పఖాళ (నీళ్లలో నానబెట్టిన అన్నం), కాల్చిన ఉప్పుచేప. కేరళ అమ్మాయి ఇప్పుడు పఖాళ నాకంటే ఎక్కువ తింటోంది. తిన్నాక హేచరీలో, అంటే గుడ్లు పాతి కాపాడే చోట, ఇసకలో పాతిన థర్మామీటర్లు చూడటం, రాయడం. గుడ్డులో ఉన్నది ఆడో మగో తేల్చేది ఇసక వేడే. సుమారు 29 డిగ్రీల దగ్గర రెండూ కలిసి పుడతాయి. అంతకంటే వేడెక్కితే ఆడవే ఎక్కువ. ఈవేళ 28.6. ఏప్రిల్‌లో ఈ ఇసక మీద చెప్పుల్లేకుండా నిలబడలేం, అప్పటి గూళ్ల సంగతేమిటో.

స్టైపెండ్ రెండో నెల కూడా పడలేదు. ఫోన్ చేస్తే ఫైలు మీద సంతకం కావాలన్నారు. ఎవరి సంతకమో వాళ్లకీ తెలిసినట్టు లేదు.

సాయంత్రం అమ్మమ్మ ఫోన్. శ్రీకూర్మం గుడి తాబేళ్లకీ వీటికీ చుట్టరికం ఉందా అని మళ్లీ అడిగింది. గుడిలోవి నేల మీదివి, నక్షత్ర తాబేళ్లు, ఇవి సముద్రానివి అని మూడోసారి చెప్పాను. "ఏవైతేనేం, ఇంత దూరం గుడ్లు పెట్టడానికి పుట్టింటికొస్తాయి కదా" అంది. గుడ్డులోంచి బయటికొచ్చిన తీరానికే పెద్దయ్యాక తిరిగి వస్తాయని నేనే చెప్పానోసారి, అది మాత్రం గుర్తు పెట్టుకుంది. నువ్వెప్పుడొస్తావు అనేది ఆ వెంటనే వచ్చింది. ఈసారి మాట మార్చాను.

రాత్రి తొమ్మిదికి ఇంకో రౌండు, ఎర్ర టార్చితో. తెల్ల లైటు వేస్తే బెదిరి వెనక్కి పోతాయి. ఏమీ లేదు. చుక్కలు, హైవే వైపు ఆకాశంలో నారింజ రంగు వెలుతురు, అలల చప్పుడు. పిల్లలు బయటికొచ్చే రోజుల్లో ఆ వెలుతురునే సముద్రం అనుకుని ఊరి వైపు పాకుతాయి. అప్పుడు వలలు అడ్డం కట్టి, ఏరి బుట్టల్లో మోసుకెళ్లాలి.

తిరిగొచ్చేటప్పుడు కేరళ అమ్మాయి ఆగి జుట్టు ముడి సరిచేసుకుంది. పొద్దుట్నుంచీ మొహం మీదికి వస్తున్న వెంట్రుకలు అటు కాకుండా ఇటు ఎగురుతున్నాయి. నేను వేలు తడిచేసి ఎత్తాను. నాకేమీ తెలియలేదు. షీటులో మాత్రం, గాలికి గడి లేదు కాబట్టి పక్క మార్జిన్‌లో, పెన్సిల్‌తో రాశాను: దక్షిణమేమో. రేపు తాతని అడగాలి.