మా కాలనీ పక్కన టవర్లు వస్తాయన్నప్పుడు

మాది నాచారం వైపు పాత కాలనీ. రెండొందల గజాల ఇళ్లు, వెనక పోర్షన్లలో అద్దెకుండేవాళ్లు. కాలనీని ఆనుకుని ఎప్పుడో మూతపడ్డ ఫ్యాక్టరీ స్థలం ఒకటుంది. మాస్టర్ ప్లాన్‌లో అది పారిశ్రామిక జోన్. దాన్ని నివాస జోన్‌గా మార్చే ప్రతిపాదన ఉందని, అభ్యంతరాలు, సలహాలు ఏమైనా ఉంటే పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలని పేపర్లో నోటీసు పడింది. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు తప్ప అందులో ఇంకేమీ లేదు. ఎన్ని అంతస్తులు, ఎన్ని ఫ్లాట్లు అన్న మాటే లేదు. కాలనీ వాట్సాప్ గ్రూపులో మాత్రం సాయంత్రానికల్లా ముప్పై అంతస్తులు లేచాయి.

ఇక్కడ హైదరాబాద్ సంగతి ఒకటి చెప్పాలి. చాలా నగరాల్లో ఎంత స్థలానికి ఎంత కట్టొచ్చో ఎఫ్‌ఎస్‌ఐ అనే లెక్క ఉంటుంది. మన దగ్గర 2006లో జీవో 86తో ఆ పరిమితి తీసేశారు. తర్వాత 2012లో వచ్చిన జీవో 168 కూడా అదే దారిలో నడిచింది. భవనం ఎత్తు తేలేది స్థలం సైజు, చుట్టూ వదలాల్సిన ఖాళీ, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి. అంటే జోన్ మారడం మొదటి గేటు మాత్రమే. ఆ తర్వాత అంతా రోడ్డు చేతిలో ఉంటుంది. ఇది అర్థమయ్యాక నాకు టెన్షన్ కొంత తగ్గింది, పని పెరిగింది.

ఆదివారం కమ్యూనిటీ హాల్లో మీటింగ్ పెట్టారు. సొంత ఇళ్లవాళ్లలో ఎక్కువమంది వద్దన్నారు. ఎండాకాలం ఇప్పటికే ట్యాంకర్లు తెప్పించుకుంటున్నాం, పై అంతస్తుల నుంచి మన ఇళ్లలోకి చూస్తారు, వీధిలో కార్లు పట్టవు అన్నారు. కొందరు రావాలన్నారు. గజం రేటు పెరిగితే తమ ఇళ్లూ డెవలప్‌మెంట్‌కి ఇచ్చుకోవచ్చని వాళ్ల ఆశ. రెండు వైపులా గొంతులు లేచాయి. సంఘంలో సభ్యత్వం ఓనర్లకే కాబట్టి అద్దెకుండేవాళ్లను ఎవరూ పిలవలేదు. మా వెనక పోర్షన్‌లో ఉండే నర్సు మాత్రం తనంతట తానే వచ్చి కూర్చుంది. చివర్లో లేచి, "అక్కా, మా చెల్లెలు కూడా ఇక్కడి ఆసుపత్రిలోనే చేస్తది. ఇక్కడ అద్దె కట్టలేక ఘట్‌కేసర్ నుంచి వచ్చి పోతుంది. రాత్రి డ్యూటీ ఉంటే ప్రాణం పోతది. ఇక్కడ ఇళ్లు ఎక్కువైతే మాకు మంచిదే కదా?" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత మళ్లీ పార్కింగ్ మీదికి వెళ్లిపోయారు.

నాకు ఆ అమ్మాయి మాటే న్యాయం అనిపించింది, ఇప్పటికీ అదే అనుకుంటున్నాను. హబ్సిగూడలో మెట్రో స్టేషన్ పెట్టుకుని, దాని చుట్టుపక్కల మనుషులు ఉండటానికి చోటు లేదనడం సబబు కాదు. ఇళ్లు రావాలి. వాటికి తగిన రోడ్డు, డ్రైనేజీ ముందుగా రావాలి.

మొదట తయారైన అభ్యంతర పత్రంలో "మేము తీవ్రంగా వ్యతిరేకిస్తున్నాము" అన్న వాక్యం, కింద సంతకాలు. అంతే. దాన్ని చూసి ఎవరైనా ఏం చేయగలరు? మా పక్కింటి మామయ్యగారు బ్యాంకులో రిటైరయ్యారు. ఆయనా నేనూ, ఇంకో ఇద్దరు కుర్రాళ్లూ టేపు పట్టుకుని పొద్దున్నే మా కాలనీ రోడ్డు కొలిచాం. లేఅవుట్ కాగితంలో అది 40 అడుగుల రోడ్డు. ఇళ్ల ముందు ర్యాంపులు, మెట్లు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె పోగా మలుపు దగ్గర 31 అడుగులే తేలింది. 2012 నిబంధనల్లో 18 మీటర్లు, అంతకు మించి ఎత్తుంటే హైరైజ్ కింద లెక్క. దానికి కనీసం 12 మీటర్ల రోడ్డు ఉండాలి, అంటే దాదాపు 40 అడుగులు. ప్రతి కొలత దగ్గరా టేపు కనిపించేలా ఫోటో తీశాం. 2020 అక్టోబరు వానలకు మ్యాన్‌హోళ్లు పొంగి ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పటి ఫోటోలు కూడా ఇంటింటికీ తిరిగి సేకరించాం. ఈ కొలతల్లో మా ర్యాంపులు కూడా బయటపడతాయని ఒకరిద్దరు గొణిగారు. బయటపడనీయండి అన్నారు మామయ్యగారు.

పత్రం తిరగరాశాం. ఒక్కో పేరాలో ఒక్కో విషయం: టవర్ల రాకపోకలు మెయిన్ రోడ్డు వైపు నుంచే ఉండాలి, రోడ్డు కాగితం మీదున్న వెడల్పుకు వచ్చాకే నిర్మాణ అనుమతి ఇవ్వాలి, మురుగు మా పాత పైపులో కలపకుండా వేరే లైను వేయాలి. అన్నీ త్రీ బీహెచ్‌కేలే కాకుండా చిన్న ఫ్లాట్లు కూడా ఉండేలా చూడాలన్న వాక్యం నేను చేర్చాను. అక్కడ గొడవైంది. "అది మన సంఘం పని కాదమ్మా" అన్నారు మామయ్యగారే. చివరికి సంఘం పత్రం ఆ వాక్యం లేకుండా వెళ్లింది. నర్సు, మిగతా అద్దెవాళ్లు, నేను కలిసి ఇంకో పత్రం రాసి విడిగా ఇచ్చాం. నోటీసుకు జవాబివ్వడానికి ఇల్లు సొంతమై ఉండాలన్న షరతు అందులో ఎక్కడా లేదు.

ఇలాంటిది రాసేవాళ్లు నోటీసులోని ఫైలు నంబరు, సర్వే నంబరు విషయం వరుసలోనే రాయండి. ఆఫీసులో కాగితాలు తీసుకునే ఇన్‌వర్డ్ కౌంటర్లో ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. మాకు ముద్ర వేయడానికి ముందు ఒప్పుకోలేదు, వేసేదాకా కౌంటర్ దగ్గరే నిలబడ్డాం.

కొన్నాళ్లకు సైటు చూడటానికి ఇంజినీరు ఒకాయన వచ్చారు. మా పత్రం చేతిలో పట్టుకుని మలుపు దగ్గర ఆగి, తన టేపుతో తనూ కొలుచుకున్నారు. అభ్యంతరాలన్నీ చూసి ప్రభుత్వానికి నివేదిక వెళ్తుంది, నిర్ణయం జీవోగా వస్తుంది. మాకింకా రాలేదు. మా రెండు పత్రాల మీద నివేదికలో ఏం రాశారో చెప్పమని పది రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాం. దాని మీద సంఘం సెక్రటరీ సంతకం పక్కనే నర్సు సంతకం కూడా ఉంది.