చెల్లి గుండె, చుట్టాల సలహాలు

గుండెపోటు వచ్చి కోలుకుంటున్న చెల్లిని చూడ్డానికి ఈరోజు పొద్దున్నే బ్రాడీపేటలో వాళ్లింటికి వెళ్లాను. అప్పటికే పక్కింటి పిన్నిగారు వచ్చి ఉన్నారు. "నూనె తగ్గించమ్మా, బయట తిండి మానెయ్" అంటున్నారు. చెల్లి ఏమీ అనలేదు. మాత్రల డబ్బా మూత తీస్తూ, పెడుతూ కూర్చుంది. నాకు కడుపు తరుక్కుపోయింది.

దాని వయసు 42. బీపీ లేదు, షుగర్ లేదు, కొలెస్ట్రాల్ మామూలే. రోజూ షటిల్ ఆడే మనిషి. ఆ రోజు గుండె పట్టేసినట్టయి దవడ దాకా లాగిందట. మొదట చూపించిన చోట గ్యాస్ అని మాత్ర ఇచ్చి పంపేశారు, ఈసీజీ కూడా తీయలేదు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రాత్రికి ఇంకో ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తే ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్) ఎక్కువగా ఉంది.

యాంజియోగ్రామ్ అయ్యాక డాక్టరుగారు మందుల చీటీ వెనకాల బొమ్మ గీశారు. గుండె రక్తనాళం గోడ పొరల మధ్య రక్తం చేరింది. చెమ్మకి గోడ పెచ్చు ఉబ్బినట్టు లోపలి పొర ఉబ్బి దారి ఇరుకైపోయింది. కొవ్వు పూడిక కాదు. గుండె రక్తనాళం గోడ ఇలా దానంతటదే చీలడాన్ని స్కాడ్ అంటారట. వచ్చేవాళ్లలో నూటికి 90 మంది దాకా ఆడవాళ్లే. గర్భిణులకూ బాలింతలకూ వచ్చే గుండెపోటుకు పెద్ద కారణం ఇదే. కొందరిలో విపరీతమైన టెన్షన్, ఊపిరి బిగబట్టి ఎత్తే బరువు దీన్ని రేపుతాయి.

స్టెంట్ వెయ్యలేదని బాబాయి గొడవపడ్డాడు. నాళంలో వైరు దూర్చితే చీలిక ఇంకా సాగొచ్చు, రక్తం పారుతున్నంత వరకు మందులతో కనిపెట్టుకుని ఉంటే చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో దానంతటదే మానుతుంది అని డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. మళ్లీ వచ్చే అవకాశమూ ఉందన్నారు. చెల్లికి దిగులంతా అదే.

ఇదంతా పిన్నిగారికి చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా కోడలు కూడా కాన్పయిన దగ్గర్నుంచి గుండెలో నొప్పి అంటోందమ్మా, వాము నీళ్లు ఇస్తున్నాను" అన్నారు. "ఇప్పుడే తీసుకెళ్దాం పిన్నిగారూ. ఈసీజీ ఒక్కటే బాగుందంటే సరిపోదు, ట్రోపోనిన్ కూడా చేయమని అడగాలి" అన్నాను. పసివాణ్ణి చెల్లి దగ్గర పడుకోబెట్టి ముగ్గురం ఆటోలో వెళ్లాం. రెండూ మామూలుగానే వచ్చాయి. అయినా గుండె డాక్టరుకి చూపించమన్నారు, రేపటికి రాయించుకున్నాం.

సోమవారం చెల్లికి మెడ, కిడ్నీల రక్తనాళాల స్కాన్ ఉంది. ఈ జబ్బు వచ్చినవాళ్లలో చాలామందికి ఆ నాళాల గోడల్లోనూ తేడా ఉంటుందట. ఆఫీసుకి సెలవు పెట్టాను.