దున్నదూడకూ ముర్రుపాలు తాగనివ్వండి

మహారాష్ట్రలోని మా సిరొంచ వైపు గేదె ఈనితే ముందు చూసేది పెయ్యా, దున్నా అనే. పెయ్య అయితే ముర్రుపాలు కడుపునిండా తాగనిస్తారు. దున్నదూడ అయితే రెండు గుక్కలు తాగగానే లాగేసి పక్కన కట్టేస్తారు, ఎలాగూ మాంసానికి పోయేదే కదా అని. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మాంసానికి పోయేదానికి ఆకలి వేయదా? పుట్టిన మొదటి గంటల్లో ముర్రుపాలు సరిగా పడకపోతే రోగాల్ని తట్టుకునే శక్తి రాదు, పారుడు పట్టుకుని చాలా దూడలు అక్కడే పోతాయి.

మహారాష్ట్రలో 2015 నుంచి ఎద్దుల్ని కూడా కోయకూడదు కాబట్టి ఇక్కడ మాంసానికి అమ్మేది దున్నల్నీ, వట్టిపోయిన గేదెల్నీ. వాటికి చెమట గ్రంథులు తక్కువ, పైగా నల్లతోలు. మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద కట్టేస్తే ఉడికిపోతాయి. ప్రాణహిత దగ్గరుంటే మధ్యాహ్నం నీళ్లలోకి తోలండి, లేదంటే చెట్టు నీడన కట్టి ఒంటిమీద నీళ్లు చల్లండి.

ఇక లారీ. 1978 నాటి రవాణా నిబంధనల ప్రకారం లారీకి ఆరు పశువులే, కింద కాళ్లు జారకుండా కొబ్బరిపీచు చాపో చెక్కలో ఉండాలి, వెంట ఒక మనిషి ఉండాలి. ఎక్కేటప్పుడు పశువు ఆగిందంటే చాలాసార్లు మొండితనం కాదు, ముందున్న చీకటికో నీడకో భయపడి ఆగుతుంది. తోక మెలిపెట్టకుండా కాసేపు చూడనివ్వండి, చాలావరకు అదే ఎక్కుతుంది. బేరం కుదిరాక డబ్బులు లెక్కపెట్టుకునే ముందు లారీలోకి ఒకసారి తొంగి చూడండి, అప్పటికే కిక్కిరిసి ఉంటే మీ పశువుని ఎక్కించనివ్వకండి.